పరశురాములు చేసుకున్న మంచం

నేను ఎవరినీ నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూస్తాను. కూరగాయల బండివాడి తక్కెడ కింద వంగి చూస్తాను. "మా అహల్యక్క దేవుడి దగ్గర కూడా రసీదు అడుగుతుంది" అని నా తమ్ముడు ప్రభాకర్ కోదాడలో అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. నవ్వనీ. వాడికేం పోలేదు, పోయినవన్నీ నాకే పోయాయి.

మా నాన్నకు గరిడేపల్లిలో భూమి ఉండేది. అందులో కాలువ కింది నాలుగెకరాలు గోపయ్య అనే ఆయనకు కౌలుకిచ్చాడు. గోపయ్య ఏటేటా వడ్లు తెచ్చి మా గాదెలో పోసేవాడు. వాకిట్లో చెప్పులు విడిచి, తువ్వాలు నడుముకు కట్టి, నిలబడే మాట్లాడేవాడు. ఒకనాడు ఆఫీసు కాగితం వచ్చింది. ఏళ్ల తరబడి దున్నుతున్న కౌలుదారుకే చేను చెందుతుందట, కొత్త లెక్క ప్రకారం ఆ నాలుగెకరాలు ఇక గోపయ్యవట. అతని చెమటకు అది న్యాయమే అయి ఉండొచ్చు, ఇప్పుడు ఆలోచిస్తే నాకూ అట్లాగే అనిపిస్తుంది. కాని ఆనాడు నేను చూసింది మా నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చోవడం. అతి వినయం ధూర్త లక్షణం అన్న మాట ఆరోజు నా తలలో దిగింది, మళ్లీ బయటికి రాలేదు.

నన్ను మిర్యాలగూడలో ఒక బడిపంతులుకు ఇచ్చారు. మంచి మనిషి, రెండువేల ఒకటిలో పోయాడు. పిల్లల్లేరు. ఆయన మిగిల్చిపోయింది స్టేషనుకు కాస్త దూరంలో ఉన్న నాలుగు గదుల ఇల్లు. ముందు రెండు గదుల్లో నేను, వెనక రెండు గదులు కిరాయికి. ఈ ఇల్లు పోతే నాకు కాలు పెట్టుకోవడానికి జానెడు జాగా లేదు. ఆ భయంతోనే పొద్దున లేచేదాన్ని, ఆ భయంతోనే తలుపు గడియ వేసేదాన్ని.

రెండువేల రెండు ఉగాది వెళ్లిన వారానికి పరశురాములు వచ్చాడు. వేములపల్లి మనిషి, గొర్ల కాపరుల ఇల్లు. రోగం తగిలి మందలో సగం చచ్చింది, మిగిలిన సగం అమ్ముకుని రైస్ మిల్లులో హమాలీ పనికి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. భార్య ఉమ, ఐదేళ్ల కూతురు స్రవంతి. సామానంతా నాలుగు గోనె సంచులు, ఒక గొంగడి. మా నాన్న చేలల్లో ఎరువు కోసం మందలు పెట్టించేవాడు కాబట్టి ఈ మనుషుల సంగతి నాకు కొంత తెలుసు. ఈ రాత్రి ఒక చేనులో పడుకుంటే రేపు ఇంకో చేనులో. ఇట్లాంటి వాడికి ఇంటి మీద ఆశ పుట్టదులే అని ఒక లెక్క వేసుకున్నాను. ఇల్లే లేనివాడికే కదా ఆశ ఎక్కువ అని వెంటనే ఇంకో లెక్క వచ్చింది.

మొదటి రోజే గట్టిగా చెప్పాను. "పరశురాములూ, నేను ఎప్పుడు పొమ్మంటె అప్పుడు పోవాలె. ఎందుకు, ఏమిటి అనొద్దు."

"గట్లనే అమ్మా" అన్నాడు.

ఆ మాట ప్రతి ఉగాదికీ పచ్చడి పెట్టి మరీ చెప్పేదాన్ని. ప్రతిసారీ అదే జవాబు. ఒక్కసారైనా మొహం మాడ్చుకుని ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. మాడ్చుకోలేదు, అదే నాకు అనుమానం.

ఒక వానాకాలం ఉమ నీళ్లతొట్టి పక్కన కరివేపాకు మొక్క నాటింది. వేళ్లు పట్టేలోపే పీకి పారేశాను. చెట్టు నాటితే హక్కు నాటినట్టే కదా. పాపం, ఉమ మట్టి సర్ది చేతులు కడుక్కుంది. ఇంకో ఏడు నాకు విషజ్వరం వచ్చి కళ్లు తిరిగి వాకిట్లో పడిపోతే, పరశురాములు నన్ను వడ్ల బస్తాను ఎత్తినట్టు ఎత్తి ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయాడు. నాకు తెలివి వచ్చాక మొదట చేసిన పని మెడ తడుముకోవడం. గొలుసు ఉంది. తల తిప్పి చూస్తే అతను మంచం పక్కనే నిలబడి ఉన్నాడు, నా చెయ్యి ఎక్కడ ఉందో చూశాడు. డాక్టరు చెప్పిన మందులు తెస్తానని బయటికి వెళ్లాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

మిల్లులో అతనికి మంచి పేరు. బస్తా చిరగకుండా వేస్తాడని లారీ డ్రైవర్లు అతన్నే పిలిచేవారు. సాయంత్రం ఒళ్లంతా తవుడు దుమ్ముతో వచ్చి, స్నానం చేసి, గడప మీద కూర్చుని కూతురు చదువుతుంటే వినేవాడు. అతనికి చదువు రాదు. ఊరికే వినేవాడు, అర్థమైనట్టు తలాడించేవాడు. అన్నేళ్లలో గోడకు ఒక్క క్యాలెండరు తగిలించలేదు. నా గోడలు పాడు కావద్దనో, లేక నేను లోపలికి తొంగి చూడకుండా నన్ను మంచి చేసుకోవడానికో, ఏదో ఒకటి ఉంటుందనుకునేదాన్ని.

రెండువేల పదమూడు దసరా తర్వాత నా నిద్ర పూర్తిగా పోయింది. దానికి కారణం గౌరయ్య. రిజిస్ట్రాఫీసు ముందు దస్తావేజులు రాస్తాడు. ఏదో మాటల్లో ఎన్నేళ్ల నుంచి ఉన్నారు నీ కిరాయివాళ్లు అని అడిగి, వేళ్లు మడిచి, నాలుక కరుచుకున్నాడు. "పన్నెండేండ్లు నిండితె ఇల్లు వాల్లదే అయితదమ్మా. జర జాగ్రత్త" అన్నాడు. కిరాయి కట్టేవాళ్లకు ఆ లెక్క వర్తించదని తర్వాత ఒక వకీలు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు నాకు ఆర్నెల్లు ఆలస్యంగా అందింది. అప్పటికి నా కళ్లముందు ఉన్నది గోపయ్య చేను ఒక్కటే. పన్నెండేళ్లు నిండేది వచ్చే ఉగాదికి.

సరిగ్గా అప్పుడే పరశురాములు మంచం మొదలుపెట్టాడు.

నాతో చెప్పింది ఉమ. స్రవంతి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, పుస్తకాలు పరుచుకోవడానికి చోటు లేదు, సామానంతా కిందికి పోయేట్టు ఒక మంచం చేస్తాడట. దుకాణంలో కొనుక్కోవచ్చు కదా అన్నాను. మాకు కావలసిన తీరు దుకాణంలో దొరకదమ్మా అంది. ఏమిటా తీరు అంటే, నాకేం ఎరికమ్మా, ఆయనకే ఎరిక అని నవ్వి వెళ్లిపోయింది. చూశారా, దాచిపెట్టే మాటకు ఎప్పుడూ ఒక నవ్వు తోడుంటుంది.

హమాలీ పని చేసేవాడికి వడ్రంగం ఎట్లా వచ్చు? నాలుగు ఆదివారాలు వరసగా కోదాడ బస్సెక్కాడు. ఐదో ఆదివారం ప్రభాకర్ ఫోన్ చేశాడు. "ఏంటక్కా, మీ ఇంట్లో కిరాయికుండే అతను ఇక్కడ కోర్టు దగ్గర కనిపించాడు. ఏదైనా కేసా?" అన్నాడు. ఫోను పెట్టేసి వెళ్లి ఇంటి కాగితాలు తీసి లెక్కపెట్టుకున్నాను. కోర్టు వెనక లారీ బాడీలు కట్టే షెడ్డు ఉందనీ, అక్కడ వెంకటేశం అనే ముసలి వడ్రంగి దగ్గర పరశురాములు రంపం పట్టడం నేర్చుకుంటున్నాడనీ తర్వాత తెలిసింది. ఆదివారం కోర్టు ఉండదన్న సంగతి కూడా తట్టక, ఆరోజు మాత్రం వకీలు, కాగితాలు, సాక్షులు, అన్నీ నేనే ఊహించుకున్నాను.

తర్వాత కలప వచ్చింది. సూర్యాపేటలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూలగొట్టిన పాత ఇళ్ల దూలాలు, వాసాలు ఇంకా అక్కడక్కడ అమ్ముతున్నారు. ఖాళీగా తిరిగొస్తున్న మిల్లు లారీలో ఆరు టేకు దూలాలు వేయించుకొచ్చాడు. నల్లబడి, పొగ చూరి, ఎవరి ఇంటి పసుపో ఇంకా వాటికి అంటుకునే ఉంది. కూలిన ఇంటి దూలాలు నా ఇంట్లోకి వస్తుంటే వెళ్లి అడ్డం నిలబడ్డాను. అపశకునం అన్నాను. పసుపు గీకేస్తానమ్మా అన్నాడు. నేనన్నది అది కాదు.

పెరట్లో గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాడు. మిల్లు నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు. ముందు చిత్రిక పట్టాడు, నలుపు పోయి తేనెరంగు బయటికి వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ వాసనకు నాకు కూడా రెండుసార్లు బయటికి రావాలనిపించింది. మొదటి కోడు, అంటే మంచం కాలు, వంకరగా వచ్చింది, దాన్ని పొయ్యిలో పెట్టేసి ఇంకోటి చెక్కాడు. కోళ్లను కలిపే పక్క పట్టెల చివర్లను నాలుకలా సన్నగా చెక్కేవాడు, కోళ్లకు ఉలితో బెజ్జాలు తొలిచేవాడు, ఒకదాంట్లో ఒకటి దూర్చి చూసి మళ్లీ ఊడదీసేవాడు. ఒకే బెజ్జాన్ని నాలుగు రోజులు తొలిచిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు. కొయ్యసుత్తి చప్పుడు తప్ప ఇనుప సుత్తి చప్పుడే లేదు. మేకులు ఎందుకు కొట్టడం లేదని అడిగాను. అవసరం లేదమ్మా అన్నాడు. మేకుల ఖర్చు మిగుల్చుకునే రకం కాదు, మరెందుకో అని రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

జనవరి చివర్లో ముక్కలన్నీ లోపలికి మోసుకుపోయి, గదిలోనే నిలబెట్టాడు. మర్నాడు వాళ్లు ఊరికి వెళ్లినప్పుడు కిటికీలోంచి చూశాను. గది సగం మంచమే. నాలుగడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, మోకాలెత్తు, మూడు వైపులా పలకలు కట్టేసి ఉన్నాయి. వెంటనే వెళ్లి టేపు తెచ్చి వాళ్ల తలుపు కొలిచాను. రెండున్నర అడుగులు. మళ్లీ కొలిచాను. అంతే. ఈ మంచం ఈ తలుపులోంచి బయటికి రాదు. బయటికి రాని మంచం ఎవరు చేసుకుంటారు? బయటికి పోనివాడే చేసుకుంటాడు. గడప దగ్గరే కూలబడ్డాను. మా నాన్న ముద్ద మింగలేక కూర్చున్నది గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మిల్లు బియ్యం ఏమైనా దాస్తున్నాడేమో, అట్లా దొరికితే నా పని సులువవుతుంది కదా అని, చక్కెర అడిగే నెపంతో ఒకరోజు లోపలికి వెళ్లాను. ఉమ ఏ దాపరికం లేకుండా పైపలకలు ఎత్తి చూపించింది. కింద మూడు చెక్కపెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి, ఒక్కోదానికి రెండు వైపులా తాడు పిడులు. ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో కాగితాలు చుట్టిన గిన్నెలు, ఒకదాంట్లో గొంగడి, స్రవంతి పాత పుస్తకాలు. బియ్యం బస్తా మాత్రం గది మూల గోడకు ఆనించి ఉంది. అదెందుకు బయట పెట్టావంటే, బియ్యం మీద పండుకోవద్దు గదమ్మా, కండ్లకద్దుకునేది అంది. అవును, మా ఇంట్లోనూ అంతే. ఆ ఒక్క మాటకు మనసు కాస్త మెత్తబడింది. నా గదుల్లోకి వచ్చాక మళ్లీ గట్టిపడింది. సామానంతా కిందికి తోశాక గది ఖాళీ అయింది, ఇక వేములపల్లి నుంచి అన్నదమ్ముల్ని కూడా దించుతాడు అనుకున్నాను.

ఫిబ్రవరి మూడో వారంలో ప్రభాకర్‌ను పిలిపించాను. వాడు కోదాడ నుంచి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు, గొడవైతే ఉంటారని. సాయంత్రం పరశురాములు మిల్లు నుంచి రాగానే వాకిట్లో నిలబెట్టి చెప్పేశాను. ఆదివారం లోపల ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఎందుకు, ఏమిటి అనొద్దు. అతను బతిమాలితే ఏమనాలో, తిరగబడితే ఏమనాలో, పోలీసుల పేరు ఎప్పుడు ఎత్తాలో, అన్నీ వరసగా తయారు చేసుకుని ఉన్నాను. లోపల మంచం మీద కూర్చుని చదువుకుంటున్న స్రవంతి పేజీ తిప్పడం ఆపింది. పరీక్షలు ఇంకా మూడు వారాలే. ఆ సంగతి నాకు తెలుసు. అది అడ్డం పెట్టి ఉగాది దాటిస్తారని కూడా తెలుసు అనుకున్నాను.

అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఆదారం దాక ఎందుకమ్మా. రేపు పొద్దుగాల పోతం."

నేను తయారు చేసుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. ఇందులో ఏదో మెలిక ఉంది అని ప్రభాకర్ నా చెవిలో అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. మంచం రాదు కదా, అది రాలేదన్న సాకుతో మళ్లీ మొదటికొస్తాడు, చూద్దాం అని ఆ ముగ్గుర్నీ రాత్రికి ఉంచేశాను.

పొద్దున ఏడింటికి ట్రాలీ ఆటో వచ్చింది. మేం నలుగురం తలుపు దగ్గర నిలబడ్డాం. పరశురాములు కొయ్యసుత్తి తీసుకుని కోడు పక్కన కూర్చున్నాడు. పట్టె చివరికి ఒక చెక్క చీల ఉంది, దాన్ని కింది నుంచి రెండు దెబ్బలు కొట్టాడు, అది ఊడి చేతిలో పడింది. జేబులో వేసుకున్నాడు. అట్లా ఎనిమిది చీలలు. పట్టెలు జారివచ్చాయి, కోళ్లు విడిపోయాయి, పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మూడు పెట్టెలూ అట్లాగే ఎత్తి, తాడు పట్టుకుని మొగుడూ పెళ్లామూ మోసుకొచ్చారు. ఒక్కటి కూడా తలుపుకు తగల్లేదు. నేను పెట్టుకున్న చాయ్ ఇంకా వేడిగానే ఉంది. ప్రభాకర్ తెచ్చిన మనుషులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి వాళ్లే వెళ్లి బియ్యం బస్తా పట్టారు.

నేను ఆగలేకపోయాను. "గిట్లెందుకు చేసినవ్ పరశురాములూ?" అన్నాను.

అతను పట్టెలకు తాడు బిగిస్తూ చెప్పాడు. గొంతులో కోపం లేదు.

"పన్నెండేండ్లాయె, మా ఉమ బట్టలు సంచులల్లనే ఉన్నయమ్మా. గిన్నెలు పండుగకు తీసుడు, మళ్ల కట్టుడు. మీరు ఎప్పుడు పొమ్మంటరో ఎరికలేదు గద. పిల్ల పెద్దగైంది. దోస్తులు వచ్చి సంచులు సూసి నవ్విన్రని ఒకనాడు ఏడ్చింది. ఇగ సంచులు కానరావద్దు, మీరు పొమ్మంటె లేటు కావద్దు. గందుకే."

"నేను పొమ్మంటనని ఎందుకనుకున్నవ్?"

అతను ప్రభాకర్ తెచ్చిన ఇద్దరి వైపు ఒకసారి చూశాడు, మళ్లీ తాడు బిగించుకున్నాడు.

అతను ఇల్లు పట్టుకుని వదలడేమోనని నేను ఎన్ని రాత్రులు కళ్లు తెరుచుకుని పడుకున్నానో, గోడకు అవతల వాళ్లు అన్ని రాత్రులూ మూటలు కట్టుకుని పడుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. పరీక్షలు అయ్యేదాకా ఉండండి అన్నాను. ఆ తర్వాత కూడా ఉండండి అన్నాను. నా జన్మలో ఎవరినీ అట్లా బతిమాలలేదు. ప్రభాకర్ నోరు తెరుచుకుని నా వైపు చూశాడు.

"వద్దమ్మా" అన్నాడు పరశురాములు. "మంద లేసినంక మళ్ల పండవెట్టొద్దు. జీవాలు ఆగమైతయి."

వేములపల్లిలో వాళ్లన్న రామనర్సయ్య ఇంట్లో ఒక కొట్టం ఖాళీగా ఉందట, పిల్ల అక్కడి నుంచే బస్సులో వచ్చి పరీక్షలు రాస్తుందట. ఉమ నాకు దండం పెట్టింది. స్రవంతి ట్రాలీలో పలకల మీద ఎక్కి కూర్చుని, పుస్తకం ఒడిలో పెట్టుకుని, నన్నే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

పరశురాములు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వెళ్లి ఆటో ఎక్కుతాడనుకున్నాను, ఎక్కలేదు.

"లోపటికి పోయి ఒకపారి సూసుకోండమ్మా" అన్నాడు. "మీదేమన్న పోతే ఇప్పుడే చెప్పున్రి. మేం పోయినంక మనసుల వెట్టుకోవద్దు."

మనిషిగా పుట్టిన ఎవరైనా అక్కడ 'అవసరం లేదులే నాయనా' అంటారు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. రావడం వచ్చింది కాని, కాళ్లు దాన్ని వినలేదు. లోపలికి వెళ్లాను. రెండు గదులూ చూశాను. స్విచ్చులు చూశాను, కిటికీ రెక్కలు లాగి చూశాను, మునివేళ్ల మీద లేచి అటక తడిమాను. వాళ్లు ముగ్గురూ బయట ఎండలో ఎదురు చూస్తూనే ఉన్నారు. నేను గడప దగ్గరికి వచ్చి, "అన్ని ఉన్నయి" అన్నాను. అప్పుడు ట్రాలీ కదిలింది.